సూది రెండు వేళ్ళు పైకి పడితే: టీకా తర్వాత భుజం గాయం, పరిహారం, నాంపల్లి దారి



నిరుడు మన సొసైటీ ఆఫీసుకు ఒక సోదరి వచ్చారు. వయసు యాభై దాటింది. అబిడ్స్‌లోని బట్టల దుకాణాలకు ఇంటి దగ్గరే కుర్తాలు కుట్టి ఇస్తారు. మందుల ఖర్చుకు సాయం అడగడానికి వచ్చారు. దరఖాస్తు మీద సంతకం పెట్టమంటే కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని బల్ల మీద పెట్టుకున్నారు. "ఏమైంది ఆపా?" అని అడిగితే అప్పుడు చెప్పారు.

ఉమ్రాకు వెళ్ళే ముందు భార్యాభర్తలిద్దరూ ఒక ప్రైవేటు ఆస్పత్రిలో డబ్బు కట్టి ఫ్లూ టీకా వేయించుకున్నారు. కుర్తా చేతులు బిగుతుగా ఉండి పైకి జరగలేదు. గదిలో తెర లేదు, బయట జనం ఉన్నారు. నర్సమ్మ తొందరలో మెడ దగ్గర కుర్తాను కొంచెం పక్కకు లాగి, కనిపించినంత మేర భుజం మీద సూది వేసింది. ఆ రాత్రికే చెయ్యి ఎత్తలేకపోయారు. మూడో రోజున ఆస్పత్రికి ఫోన్ చేస్తే "టీకా నొప్పి అమ్మా, రెండు రోజుల్లో తగ్గిపోతుంది" అన్నారు. తగ్గలేదు. నమాజులో తక్‌బీర్‌కు చెయ్యి చెవి దాకా లేవలేదు. సజ్దాలో ఆ చెయ్యి బరువు మోయలేదు. జడ వేసుకోవడానికి కూతురు కావలసి వచ్చింది. కుట్టు మిషను చక్రం తిప్పలేక పండగ సీజను ఆర్డర్లు పోయాయి.

ఆమె మన దగ్గరికి వచ్చేనాటికి టీకా వేసి పందొమ్మిది నెలలు. "ఇదంతా కిస్మత్ అనుకున్నాను. దీనికి అడిగే హక్కు కూడా ఉంటుందా?" అన్నారు.

ఉంటుంది. ఆ హక్కు ఏమిటి, ఎక్కడ అడగాలి, ఎన్నాళ్ళలోగా అడగాలి, ఏ కాగితాలు కావాలి అన్నది దాతలకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇలాంటివారికి ఏటా మందులు కొనిస్తూ ఉండడం ఒక సాయం. వాళ్ళకు రావలసింది వాళ్ళకు ఇప్పించడం ఇంకో సాయం. రెండోదానికి ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి.

భుజంలో ఏం జరుగుతుంది?

పెద్దవాళ్ళకు చాలా టీకాలు భుజం కింది కండలో వేస్తారు. దాన్ని డెల్టాయిడ్ కండ అంటారు. భుజం పైన చేత్తో తడిమితే ఒక ఎముక అంచు తగులుతుంది. ఆ అంచు నుంచి రెండు మూడు వేళ్ళు కిందికి, కండ బాగా మందంగా ఉన్నచోట, సూదిని నిటారుగా దించాలి. ఇది నర్సింగ్ శిక్షణలో మొదట నేర్పే పాఠాల్లో ఒకటి.

ఆ రెండు వేళ్ళ దూరం పాటించకుండా పైన వేస్తే కింద కండ పలచగా ఉంటుంది. దాని కిందనే కీలు రాపిడి లేకుండా కదలడానికి దేవుడిచ్చిన మెత్తని నీటి తిత్తి ఉంటుంది. వైద్యులు దాన్ని బర్సా అంటారు. టీకా పని చేసేదే శరీరంలోని రక్షణ శక్తిని రేపి. ఆ మందు కండలో పడితే ఒకటి రెండు రోజులు నొప్పి ఉండి పోతుంది. తిత్తిలోనో, కీలు పొరలోనో పడితే ఆ రేపిన మంట అక్కడే రగులుతుంది. వాపు వస్తుంది, స్నాయువులు దెబ్బతింటాయి, కదపక కదపక చివరికి భుజం బిగుసుకుపోతుంది.

దీన్ని వైద్య ప్రపంచం సిర్వా అని పిలుస్తోంది. టీకా వేసే పద్ధతి వల్ల వచ్చే భుజం గాయం అని దాని అర్థం. అమెరికాలో 2010లో వచ్చిన ఒక వైద్య పత్రం ఇలాంటి కేసులను ఒకచోట చేర్చి ఈ పేరును వాడుకలోకి తెచ్చింది. మామూలు టీకా నొప్పికీ దీనికీ తేడా గుర్తుపట్టడం కష్టం కాదు. మామూలు నొప్పి రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది, చెయ్యి ఆడుతుంది. ఇది 48 గంటల లోపే మొదలై వారాలు గడిచినా తగ్గదు, చెయ్యి పైకి, వెనక్కి పోదు. సూది వేసిన భుజంలోనే ఉంటుంది, రెండో వైపుకు పోదు.

వైద్యం ఉంది. త్వరగా గుర్తిస్తే మందులు, ఫిజియోథెరపీతో చాలామందికి మేలవుతుంది. ఆలస్యమైన కొద్దీ కీలు బిగుసుకుని నెలలు పడుతుంది. కాబట్టి మొదటి సలహా న్యాయ సలహా కాదు. వారం దాటినా చెయ్యి లేవకపోతే ఎముకల డాక్టరుకు చూపించండి.

టీకా మీద కోపం వద్దు

ఈ మాట గట్టిగా చెప్పాలి. ఇక్కడ తప్పు సీసాలోని మందుది కాదు, వేసిన పద్ధతిది. టీకాల తర్వాత వచ్చే కష్టాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు రకాలుగా విడదీసింది: మందు స్వభావం వల్ల వచ్చేవి, మందు తయారీ లోపం వల్ల వచ్చేవి, టీకా ఇచ్చే పనిలో పొరపాటు వల్ల వచ్చేవి, భయం వల్ల వచ్చేవి, కాకతాళీయంగా అదే సమయంలో వచ్చేవి. భుజం గాయం మూడో రకం.

నాంపల్లికి ఈ మూడో రకం బాగా తెలుసు. 2019 మార్చిలో నాంపల్లి పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పెంటావాలెంట్ టీకా వేయించుకున్న పసిపిల్లలకు, జ్వరం రాకుండా ఇచ్చే పారాసిటమాల్ బదులు ట్రమడాల్ అనే ఘాటైన నొప్పి మాత్రలు ఇచ్చారు. పిల్లలు నీలోఫర్ ఆస్పత్రి పాలయ్యారు. పసిప్రాణాలు పోయాయి. ఆ రోజు టీకా చంపిందని బస్తీల్లో పుకారు లేచింది. టీకా ఏ పాపం ఎరగదు. పక్కన ఇచ్చిన మాత్ర తప్పు.

తప్పు ఎవరిదో సరిగ్గా చెప్పకపోతే జనం టీకానే మానేస్తారు. హజ్ యాత్రికుల చరిత్రే దీనికి సాక్ష్యం. 1987 హజ్ తర్వాత మెదడు పొర వాపు జ్వరం యాత్రికుల వెంట అనేక దేశాలకు పాకింది. ఆపై సౌదీ ప్రభుత్వం యాత్రికులకు ఆ టీకాను తప్పనిసరి చేసింది. 2000, 2001లో ఇంకో రకం క్రిమి విజృంభిస్తే, నాలుగు రకాల నుంచి కాపాడే టీకాను 2002 నుంచి అడుగుతోంది. మన పెద్దలు హజ్‌కు క్షేమంగా వెళ్ళి రావడంలో ఆ సూది పాత్ర ఉంది. పరిహారం అడగడం టీకాను నిందించడం కాదు. ఇంకొకరికి సూది సరిగ్గా పడేలా చేయడం.

బయటి దేశాల్లో ఏం చేస్తున్నారు?

మన దాతల పిల్లలు చాలామంది అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్నారు కాబట్టి ఇది తెలిసి ఉండడం మంచిది.

అమెరికాలో 1986లో ఒక చట్టం చేశారు. ప్రతి డోసు మీద, ఆ టీకా అడ్డుకునే ఒక్కో జబ్బుకు 75 సెంట్ల చొప్పున పన్ను వసూలు చేసి ఒక నిధిలో వేస్తారు. టీకా వల్ల నష్టపోయినవారికి అందులోంచి ఇస్తారు. ఎవరి తప్పు అని నిరూపించనక్కరలేదు. ఏ టీకాకు ఏ నష్టం, ఎన్ని గంటల్లో మొదలవ్వాలి అని ఒక పట్టిక ఉంటుంది. 2017 మార్చి 21 నుంచి భుజం గాయాన్ని ఆ పట్టికలో చేర్చారు. అంతకుముందు ఆ భుజంలో నొప్పి ఉండకూడదు, 48 గంటల లోపు మొదలవ్వాలి, నొప్పి, కదలిక తగ్గడం ఆ భుజానికే పరిమితం కావాలి, వేరే కారణం ఉండకూడదు. బాధ ఆరు నెలలకు మించి ఉండాలి. మొదటి లక్షణం కనిపించిన 3 సంవత్సరాల లోపు దరఖాస్తు చేయాలి. నొప్పికీ బాధకూ ఇచ్చే మొత్తానికి 2,50,000 డాలర్ల పరిమితి ఉంది. లాయరు ఫీజు కూడా ఆ నిధే భరిస్తుంది. అమెరికా పౌరులే కానక్కరలేదు. కోవిడ్ టీకాలకు మాత్రం వేరే పథకం ఉంది, దాని గడువు టీకా వేసిన నాటి నుంచి ఒక్క సంవత్సరమే.

బ్రిటన్‌లో 1979 నాటి చట్టం ప్రకారం 1,20,000 పౌండ్లు ఒకేసారి ఇస్తారు. అయితే వైకల్యం 60 శాతం ఉండాలి. భుజం గాయం చాలాసార్లు ఆ గీత దాకా చేరదు.

మన దేశంలో భుజం గాయానికి అలాంటి పట్టికా లేదు, దానికి కేటాయించిన నిధీ లేదు. కోవిడ్ టీకా తర్వాత చనిపోయిన ఇద్దరు యువతుల తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకు వెళ్తే, 2022 నవంబరులో కేంద్రం ఇచ్చిన సమాధానం ఇది: టీకా వేయించుకోవడం స్వచ్ఛందం, నష్టపరిహారం కావాలంటే సివిల్ కోర్టుకో, వినియోగదారుల వేదికకో పోవచ్చు. అంతకుముందు అదే సంవత్సరం మే 2న సుప్రీంకోర్టు ఇంకో కేసులో, టీకా తర్వాత వచ్చిన కష్టాలను వ్యక్తులు, ప్రైవేటు డాక్టర్లు కూడా నమోదు చేసే వీలు కల్పించాలని ఆదేశించింది.

కాబట్టి మనకున్నది తప్పు నిరూపించి అడిగే దారి. అది మన ఆఫీసుకు నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది.

ఎం.జె. రోడ్డులోని గుమ్మం

నాంపల్లి కోర్టులనగానే మనవాళ్ళకు క్రిమినల్ కోర్టులు గుర్తొస్తాయి, భయం వేస్తుంది. ఇది ఆ గుమ్మం కాదు. పోలీసు కేసు ఈ పనికి సరైన దారి కూడా కాదు. వైద్యుల మీద క్రిమినల్ కేసు నిలవాలంటే నిర్లక్ష్యం చాలా తీవ్రంగా ఉండాలని సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ కేసులో చెప్పింది. పైగా క్రిమినల్ కోర్టు పని శిక్ష వేయడం. మనకు కావలసింది చికిత్స ఖర్చు, పోయిన సంపాదన.

ఎం.జె. రోడ్డులో చంద్రవిహార్ భవనం ఉంది. హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్లు అందులోనే నడుస్తాయి. డబ్బు కట్టి వైద్యం చేయించుకున్నవాడు కూడా వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 1995 నవంబరు 13న శాంతా కేసులో తీర్పు ఇచ్చింది. 2019 నాటి కొత్త చట్టం వచ్చాక దీని మీద అనుమానాలు లేపారు. 2022లో సుప్రీంకోర్టు ఆ అనుమానం కూడా తీర్చింది. వైద్యం ఇప్పటికీ ఈ చట్టం కిందే ఉంది.

తెలుసుకోవలసిన విషయాలు ఇవి:

1. ఏ కమిషన్ అన్నది మనం అడిగే పరిహారాన్ని బట్టి కాదు, మనం కట్టిన డబ్బును బట్టి ఉంటుంది. 50 లక్షల లోపు కట్టినవారు జిల్లా కమిషన్‌కే వెళ్ళాలి. టీకాకు కట్టింది వందలూ వేలే కాబట్టి అందరిదీ జిల్లా కమిషనే.

2. కట్టిన డబ్బు 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు ఫీజు లేదు.

3. ఫిర్యాదుదారు నివాసం ఉన్నచోట, లేదా పని చేసేచోట కూడా వేయవచ్చు. టీకా వేరే ఊళ్ళో వేయించుకున్నా, ఇల్లు హైదరాబాద్‌లో ఉంటే ఇక్కడే వేయవచ్చు.

4. గడువు 2 సంవత్సరాలు. ఆలస్యానికి బలమైన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు. దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

5. లాయరు తప్పనిసరి కాదు. సొంతంగా వాదించుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు వేయవచ్చు. 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వారు దారి చెబుతారు.

6. చట్టం ప్రకారం 3 నెలల్లో, పరీక్షలు అవసరమైతే 5 నెలల్లో తేల్చాలి. నిజానికి అంతకంటే ఎక్కువే పడుతుంది. మధ్యలో ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మధ్యవర్తిత్వానికి పంపుతారు. చిన్న గాయాలకు అదే మంచిది.

ఫిర్యాదుకు ముందు ఆస్పత్రికి ఒక నోటీసు పంపాలి. జరిగింది తేదీలతో రాసి, ఏం కోరుతున్నామో చెప్పి, అబిడ్స్ జనరల్ పోస్టాఫీసు నుంచి స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోవాలి. కొన్ని కేసులు ఆ ఒక్క ఉత్తరంతోనే తేలిపోతాయి.

ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా వేయించుకుంటే?

అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే చోటు వినియోగదారుల చట్టం కిందికి రాదు. శాంతా తీర్పే ఆ మాట కూడా చెప్పింది. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆస్పత్రి అయితే ఉచితంగా చేయించుకున్నవారు కూడా ఫిర్యాదు చేయవచ్చు. అంటే డబ్బు తీసుకునే ప్రైవేటు ఆస్పత్రి ఒక రోజు ఉచిత క్యాంపు పెట్టినా బాధ్యత తప్పదు.

పూర్తి ఉచిత ప్రభుత్వ కేంద్రమైతే వేరే దారులున్నాయి. ప్రభుత్వ వైద్యుడి నిర్లక్ష్యానికి ప్రభుత్వం బాధ్యత వహించాలని సుప్రీంకోర్టు 2000లో సంత్రా కేసులో చెప్పింది. సివిల్ కోర్టుకు వెళ్ళాలంటే ముందు ప్రభుత్వానికి 2 నెలల నోటీసు ఇవ్వాలి. పేదవారికి ఇంతకంటే సులువైన దారి శాశ్వత లోక్ అదాలత్. ఆస్పత్రి, దవాఖానా సేవలు దాని పరిధిలో ఉన్నాయి. 1 కోటి రూపాయల దాకా క్లెయిము వేయవచ్చు, కోర్టు ఫీజు లేదు. ముందు రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే వాళ్ళే తీర్పు ఇస్తారు. అయితే ఆ తీర్పు మీద అప్పీలు లేదు, అక్కడ వేశాక అదే విషయం మీద ఇంకో కోర్టుకు పోకూడదు. ఆలోచించుకుని వేయాలి.

దీనికీ, ఉచితంగా లాయరును పెట్టించుకోవడానికీ పురానీ హవేలీలోని న్యాయ సేవా సదన్‌కు వెళ్ళాలి. లేదా 15100 నంబరుకు ఫోన్ చేయాలి. మహిళలకు, పిల్లలకు, వికలాంగులకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతోంది. మన ఆడవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

ఏం నిరూపించాలి?

రెండు విషయాలు. ఒకటి, సూది వేసిన పద్ధతిలో తప్పు ఉంది. రెండు, ఆ తప్పు వల్లే ఈ గాయం వచ్చింది.

మొదటిదానికి ప్రమాణం, ఆ పని తెలిసిన మామూలు నర్సు మామూలుగా పాటించే జాగ్రత్త. అంతకుమించిన నైపుణ్యం ఎవరూ అడగరు. నిపుణుడి సాక్ష్యం ప్రతి కేసులోనూ అక్కరలేదని సుప్రీంకోర్టు మన హైదరాబాద్ కేసులోనే చెప్పింది. నిఖిల్ ఆస్పత్రి కేసులో ఒక మహిళకు మలేరియా ఉంటే టైఫాయిడ్ వైద్యం చేశారు. ఆమె భర్త జిల్లా ఫోరానికి వెళ్ళారు. ఫోరం 2 లక్షల పరిహారం ఇచ్చింది. రాష్ట్ర కమిషన్ నిపుణుడి సాక్ష్యం లేదని కొట్టేసింది. 2010 మార్చి 8న సుప్రీంకోర్టు జిల్లా ఫోరం మాటే నిలబెట్టింది. అయినా భుజం విషయంలో ఎముకల డాక్టరు అభిప్రాయం, ఎం.ఆర్.ఐ. ఉండడమే మేలు. తిత్తిలో నీరు, ఎముకలో వాపు సూది పడ్డ చోటే కనిపిస్తే అది పెద్ద ఆధారం.

రెండో విషయం దగ్గరే చాలా కేసులు ఓడిపోతాయి. అవతలి లాయరు మొదట అడిగే ప్రశ్న "మీకు షుగరు ఉందా?" అని. అందులో న్యాయం ఉంది. షుగరు ఉన్నవారికి ఏ సూదీ వేయకుండానే భుజం బిగుసుకుపోవడం మామూలే. మన ఇళ్ళలో షుగరు లేని ఇల్లు తక్కువ. కాబట్టి టీకాకు ముందు ఆ చెయ్యి బాగుందని, టీకా వేసిన 48 గంటల లోపే నొప్పి మొదలైందని కాగితం చూపాలి. నోటి మాట చాలదు.

అందుకే ఈ జాబితా. చింపి గోడకు అంటించుకున్నా మంచిదే.

టీకా వేయించుకునేటప్పుడు: బిల్లు లేదా యూపీఐ చెల్లింపు మెసేజ్, టీకా కార్డు, అందులో టీకా పేరు, బ్యాచ్ నంబరు, ఏ చెయ్యి, తేదీ.

నొప్పి తగ్గకపోతే మూడో రోజున: ఆస్పత్రికి నోటి మాట కాకుండా మెసేజో, ఈ-మెయిలో. సూది పడ్డ చోటు ఫొటో, భుజం ఎముక కనిపించేలా. జిల్లా టీకా అధికారికి, లేదా 1800-180-3024 నంబరుకు ఫిర్యాదు. దీని వల్ల డబ్బు రాదు. తేదీతో నమోదు మాత్రం పడుతుంది.

వారంలోపు: డాక్టరు చీటీ. అందులో "ఫలానా తేదీన టీకా వేసిన నాటి నుంచి నొప్పి" అని డాక్టరు చేత రాయించుకోవాలి. ఒక్క పంక్తి చాలు.

తర్వాత: ప్రతి బిల్లు, ఫిజియోథెరపీ హాజరు, ఆటో ఖర్చు. సంపాదన పోయినందుకు దుకాణం యజమాని రాసిచ్చిన మాట, ఆర్డర్ల పుస్తకం, బ్యాంకు ఖాతా. ఆస్పత్రి రికార్డు కావాలని రాతపూర్వకంగా అడగాలి. రోగి అడిగిన 72 గంటల్లో రికార్డు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి.

మన సోదరి దగ్గర ఇందులో సగం కూడా లేవు. బిల్లు పోయింది. ఆమెను నిలబెట్టింది ఒక్కటే. టీకా వేసిన రాత్రి పది గంటలకు వరంగల్‌లో ఉన్న కూతురికి పంపిన వాట్సాప్ మాట: సూది వేసిన చెయ్యి ఎత్తలేకపోతున్నాను, ఎముక మీదే పొడిచింది అని. తేదీ, సమయం అందులోనే ఉన్నాయి. ఇద్దరి ఫోన్లూ మార్చవద్దని, ఆ మాట చెరపవద్దని చెప్పాం. యూపీఐ చెల్లింపు బ్యాంకు నుంచి తీయించాం. ఆస్పత్రికి ఉత్తరం రాస్తే రిజిస్టరు నకలు ఇచ్చారు. రెండు సంవత్సరాల గడువు తీరడానికి పద్దెనిమిది రోజుల ముందు ఫిర్యాదు దాఖలైంది. ఈ సంచిక అచ్చుకు వెళ్ళేనాటికి వాయిదాల మీద ఉంది. ఎలా తేలుతుందో అల్లాహ్‌కే తెలుసు.

ఎంత వస్తుంది?

పెద్ద ఆశలు పెట్టకూడదు. హైదరాబాద్ వైద్య కేసుల్లో అందరూ చెప్పుకునేది నిమ్స్ కేసు. 1990లో ఆపరేషను తర్వాత కాళ్ళు పడిపోయిన ఒక యువ ఇంజనీరుకు 1999లో జాతీయ కమిషన్ 15.5 లక్షలు ఇచ్చింది. 2009 మే 14న సుప్రీంకోర్టు దాన్ని 1 కోటికి పెంచి వడ్డీ కూడా ఇమ్మంది. చక్రాల కుర్చీలో కూర్చుని తన కేసు తానే వాదించుకున్నారాయన. అది జీవితకాలపు వైకల్యం. అది తేలడానికి ఆపరేషను నాటి నుంచి 19 ఏళ్ళు పట్టింది.

భుజం గాయం అంతటిది కాదు. చికిత్స ఖర్చు, పోయిన సంపాదన, రాకపోకలు, పడిన బాధ, కేసు ఖర్చు, వీటి లెక్కను బట్టే అడగాలి. ఇంత అడిగితే అంత వస్తుందని అంకెలు పెంచితే కమిషన్ ముందు మాట పలచనవుతుంది. అబద్ధపు కేసు మన సమాజానికి రెండు విధాలా నష్టం. అడిగే హక్కు ఉన్నవాడి మాట నమ్మరు, టీకా మీద అనవసరమైన భయం పుడుతుంది. షుగరు వల్ల వచ్చిన భుజం నొప్పిని సూది మీద నెట్టడానికి మన సొసైటీ సాయం చేయదు.

సబర్ అంటే హక్కు వదులుకోవడం అని కొందరు అనుకుంటారు. బాధను ఓర్చుకోవడం సబర్. పని చేసుకుని బతికే మనిషి చెయ్యి పోయినా నోరు మూసుకోవడం సబర్ కాదు. మాఫీ చేసే హక్కు కూడా ఆ మనిషిదే. తనకు హక్కుందని తెలిశాక చేసేదే మాఫీ.

దాతలు చేయగలిగింది

మన సొసైటీ కూడా ఆరోగ్య క్యాంపులు పెడుతుంది. యాత్రికులకు టీకాలు వేసేచోట మన వలంటీర్లు నిలబడతారు. ముందు మన ఇల్లు సర్దుకోవాలి. ఉచితంగా చేశాం కదా అని జాగ్రత్త బాధ్యత పోదు. క్యాంపు అమానత్. అందుకే ఈ సంవత్సరం నుంచి కార్యవర్గం ముందు పెట్టిన ప్రతిపాదనలు ఇవి:

ఆడవాళ్ళకు తెర కట్టిన చోటు, మహిళా నర్సు. మన సోదరికి గాయమైంది తెర లేకనే. బురఖా, బిగుతు చేతుల కుర్తా వేసుకున్నామె నలుగురిలో చెయ్యి చూపలేదు, మెడ దగ్గర లాగితే భుజం పైభాగమే కనిపిస్తుంది. తెర ఖరీదు ఎంత?

వేయించుకునేవారికీ, వేసేవారికీ ఇద్దరికీ కుర్చీ. నిలబడి కిందికి వంగి వేస్తే సూది పైకే పడుతుంది. వదులు చేతుల బట్టలు వేసుకు రమ్మని ముందురోజే చెప్పడం. ప్రతి ఒక్కరికీ టీకా పేరు, బ్యాచ్, చెయ్యి రాసిన కార్డు. నాలుగో రోజున పెద్దవాళ్ళకు ఒక ఫోన్.

రెండోది, ఒక చిన్న సహాయ నిధి. ఎం.ఆర్.ఐ. ఖర్చు, డాక్టరు అభిప్రాయం, నోటీసు, ఫొటోకాపీలు, వాయిదా రోజు ఆటో, పోయిన కూలి. దీనికి సదకా, సాధారణ చందాల నుంచే తీస్తాం. జకాత్ సొమ్ము ఇందులో కలపం. పరిహారం వచ్చినవారు తమ ఇష్టపూర్వకంగా తిరిగి వేస్తే ఇంకొకరికి పనికొస్తుంది. వారానికి ఒక సాయంత్రం కాగితాలు చూసే లాయర్లు, ఎముకల డాక్టర్లు మన దాతల్లోనే ఉన్నారు. డబ్బు కాకుండా వారి సమయం అడుగుతున్నాం.

ఆ సోదరి చెయ్యి ఇప్పుడు ముప్పాతిక వంతు లేస్తోంది. మిషను మళ్ళీ తిప్పుతున్నారు. తక్‌బీర్‌కు చెయ్యి చెవి దాకా ఇంకా రాలేదు, భుజం దాకా వస్తోంది. మొన్న వాయిదాకు వెళ్తూ ఆఫీసులో ఆగి, తన కాగితాల సంచి చూపించారు. అందులో తేదీల వారీగా దారంతో కుట్టిన బిల్లులు ఉన్నాయి. "ఇప్పుడు ఎవరికి టీకా వేసినా బిల్లు జాగ్రత్త అని చెబుతున్నాను" అన్నారు.

ఆ మాటే దాతలకూ చెబుతున్నాం. ఈ సంచిక చదివిన ప్రతివారూ తమ ఇంట్లో, తమ దుకాణంలో ఒక్కరికైనా చెప్పండి: టీకా వేయించుకోండి, కూర్చుని వేయించుకోండి, కాగితం దాచుకోండి. చెయ్యి లేవకపోతే మూడో రోజే రాసి పెట్టండి. రెండేళ్ళు దాటకుండా మా దగ్గరికి పంపండి.